తెర తాడు

గుణుపురం దాటి వంశధార ఒడ్డున మా ఊరు.
బడి ఒడియాలో, తిట్లు తెలుగులో.
మా భూమి కాగితాల మీద అక్షరాలు
గొడుగులు పట్టుకుని నిలబడతాయి.
తడిసేది మేం.

ఆ ఏడు మాఘమాసంలో నాటకం వేశాం.
కథ ఒక బీదకవిది.
రాసింది బోనెల తవుడు.
ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే
చేటెడు తవుడికి అమ్మి, మళ్ళీ కొనుక్కున్న పిల్లడు.
పగలు దాలినాయుడి రైసుమిల్లులో బస్తాలు మోసి
రాత్రి తూకం చీటీల వెనక మాటలు రాసేవాడు.

కవి వేషం మాత్రం దాలినాయుడిది.
స్టేజీ ఆయనది, జనరేటరు ఆయనది,
బరంపురం రంగుపెట్టెకి కిరాయి ఆయనది.
ఆకలొక్కటే ఆయన దగ్గర లేదు.
దానికి తవుడున్నాడు.

చొక్కా దగ్గర చిక్కొచ్చింది.
చింపిన చిరుగు వేరు, చివికిన చిరుగు వేరు
అన్నాడు మేకప్పు సింహాద్రి.
అందరం తవుడి వైపు చూశాం.
మారుమాట లేకుండా విప్పి ఇచ్చాడు.
వీపున మిల్లు గోనె ముక్కతో మాసిక,
దాని మీద సగానికి తెగిన ఒడియా అక్షరం.
నాయుడి పొట్టకి చాలక
పక్క కుట్లు విప్పారు.

నది మీంచి గాలి తడిగుడ్డలా కొడుతోంది.
వింగు వెనక లాంతరు పక్కన
ఉత్తి ఒంటితో కూచుని
తన మాటలు తనే గుసగుసగా అందిస్తున్నాడు తవుడు.
నేను తాళ్ళ దగ్గర, ఎత్తు బల్ల మీద.
అక్కణ్ణుంచి నాకు ఇద్దరు కవులూ కనబడేవారు.
ఒకడు వెలుగులో వణుకు నటిస్తున్నాడు.
ఇంకొకడు చీకట్లో
వణకనట్టు నటిస్తున్నాడు.

మూడో రంగంలో నాయుడు మాట మరిచాడు.
"ఆకలి..." అందించాడు తవుడు.
ఆయనకి "ఆ కలి" అని వినబడింది.
ముంతలో కలి ఉంది, నిజంగా పులిసింది,
నిజంలా ఉండాలని తవుడింటి నుంచే తెప్పించాం.
ఎత్తాడు. ఒక గుక్క.
వింగు వైపు తిరిగి ఉమ్మేశాడు.

కుర్చీల్లో వాళ్ళు విరగబడి నవ్వారు.
వెనక గడ్డి పరుచుకుని కూచున్నవాళ్ళు నవ్వలేదు.
వాళ్ళు ఆ పూట అదే తాగి వచ్చారు.

తవుడు నోటుబుక్కు మీద తుంపర్లు
తుడవడానికి చొక్కా లేక
అరచేత్తో తుడిచి
తర్వాతి మాట అందించాడు.
ఏం మాటో గుర్తులేదు.
ఆ అరచెయ్యి గుర్తుంది.

ఆఖర్న కవి చచ్చిపోతాడు.
చచ్చినవాడు లేచి దండం పెట్టాడు.
వెండి పతకం, పూలదండ,
ఒడియాలో ఒక ఉపన్యాసం, తెలుగులో ఒకటి.
ఇక తెర దించమని నాకు సైగ.
నేను లాగిన తాడు తెరది కాదు,
పక్క గుడ్డది.
పొరపాటన్నాను అప్పుడు.
ఇరవయ్యేళ్ళుగా పొరపాటనే అంటున్నాను.

గుడ్డ జారింది.
లాంతరు వెలుగులో ఎముకలు లెక్కకొచ్చే మనిషి,
ఒళ్ళో పుస్తకం.
నాటకం అయిపోయిందని ఇంకా తెలియనట్టు
పెదవులు కదుపుతున్నాడు.
జనం ఇటు చూశారు, అటు చూశారు.
గడ్డి మీంచి లేచింది అతని పెళ్ళాం సన్నెమ్మ.
"ఓలమ్మ, ఆ మాసిక నానేసిందే గదేటి!
సచ్చినోడు లేచీసినాడు గదా బాబూ,
మా సొక్కా మాకిచ్చీమనండి.
పొద్దున్నే పన్లోకెల్లాల."

ఎవరో ఒకడు దగ్గాడు.
జనరేటరు ఆపేశారు.

చొక్కా ఆ రాత్రి రాలేదు.
పర్లాకిమిడిలో ఇంకో ఆట ఉందన్నారు.
తవుడు గోనె కప్పుకుని గట్టు మీద నడిచాడు,
వెనక సన్నెమ్మ, చేతిలో ఖాళీ ముంత.
మిల్లు గోనే అది.
వీపు మీద అక్షరం
ఈసారి తెగలేదు,
గొడుగుతో సహా మొత్తం ఉంది.